తాతయ్యకు తప్ప అందరికీ తెలుసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపమంటే తాతయ్యదే. మిగతావాళ్ళం దాన్ని భరించేవాళ్ళం. ఆ కోపంలో నాకూ వాటా వచ్చిందన్న సంగతి పదకొండో ఏట బయటపడింది. అప్పటి సంగతి ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నా చెవులు వేడెక్కుతాయి. ఎవరి మీద ఎంత కోపపడాలో మాత్రం ఇప్పటికీ సరిగా తేల్చుకోలేదు.

అది నిజాం కాలం. మేము శాలిబండలో ఉండేవాళ్ళం. మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఒక నవాబుగారి దేవిడీ, కోటలాంటి భవంతి, ఉండేది. ఎత్తైన ప్రహరీ, దానికో పెద్ద దర్వాజా, ఆ దర్వాజా మీద ఒక చిన్న గది. ఆ గదిని నౌబత్‌ఖానా అనేవారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అక్కడ కూర్చుని సన్నాయి, నగారా వాయించాలి. కింద గల్లీలో పాలవాళ్ళు, గాజులవాళ్ళు ఆ వాయిద్యం విని పొద్దు ఎంతయిందో తెలుసుకునేవారు. సన్నాయి మా తాతయ్యది. నగారా వాయించేది మా వెనక గల్లీలో ఉండే ఒక ముసలాయన. ఆయన్ను నేను దాదా అని పిలిచేదాన్ని. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ ఆ గదిలో పక్కపక్కనే కూర్చున్నారు.

తాతయ్య పాటల్లో ఒక్కటీ కాగితం మీద ఉండేది కాదు. వాళ్ళ నాయన నోటి నుంచి ఆయన నోటికి వచ్చినవే అన్నీ. ఏ నెలలో ఏది వాయించాలో, వానాకాలం పొద్దుటికి ఏది, పెళ్ళికి ఏది, పెద్దమనిషి గుమ్మంలోకి అడుగుపెట్టినప్పుడు ఏది, ఎవరినీ అడగకుండా వాయించేవాడు. నలభై పాటలకు పైనే ఉండేవని మా నాయనమ్మ గొప్పగా చెప్పేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకనాడు తాతయ్య దేవిడీ నుంచి ఇంటికి రావలసినవాడు దారి తప్పి ఎక్కడెక్కడో తిరిగి వచ్చాడు. కళ్ళు సరిగా కనబడటం లేదని చెప్పాడు. మరునాటి నుంచి నాయనమ్మ నన్ను ఆయన వెంట పంపించింది. అలా రెండు పూటలా ఆ మెట్లెక్కి, ఆయన వాయిస్తున్నంతసేపూ పక్కనే కూర్చోవడం నాకు అలవాటైంది. కొన్నాళ్ళకే ఒక సంగతి గమనించాను. పాట మధ్యలో తాతయ్య వేళ్ళు ఉన్నట్టుండి ఒకేచోట తిరగడం మొదలుపెట్టేవి. ముందుకు పోవు, వెనక్కు రావు. సరిగ్గా అప్పుడే దాదా నగారా మీద ఒక దెబ్బ తప్పేది. తాతయ్య సన్నాయిని నోట్లోంచి తీసేసి ఆయన మీద విరుచుకుపడేవాడు.

"అవి చేతులా కట్టెలా భాయ్? ముప్ఫై ఏండ్లాయె, ఇంక గిదే తప్పా? గిట్ల గాదు, ఇను!"

తొడ మీద తాళం వేస్తూ ఆ పాటను నోటితో అనేవాడు. కోపంలో పాట మొత్తం గడగడా వచ్చేసేది. మళ్ళీ సన్నాయి ఎత్తి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వాయించేవాడు. దాదా తల వంచుకుని, "గల్తీ అయింది భాయ్, మాఫ్ జెయ్" అనేవాడు. గదిలో ఓ మూల కూర్చుని కంచు తాళాలు వాయించేవాడు, కింద కాపలావాడు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

రోజూ అదే వరస. నాకు ఒళ్ళు మండిపోయేది. తాతయ్య తిట్లు వినలేకపోయేదాన్ని. అంతకన్నా, ఆ తిట్లు తిని నవ్వుతూ కూర్చునే దాదాను చూస్తే ఇంకా మండేది. ఎందుకంటే తాతయ్య లేనప్పుడు దాదా వాయించడం నేను విన్నాను. ఒక్క దెబ్బ కూడా తప్పేది కాదు. ఒక సాయంత్రం తాతయ్య కింద కాళ్ళు కడుక్కుంటుంటే మెట్ల మీద ఆయన్ను నిలేశాను. కావాలనే తప్పు వాయిస్తున్నావు కదా, ఎందుకు అని అడిగాను. ఆయన చుట్టూ చూసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీ తాతకు పాట పోతున్నది బేటీ. పోయిందని నేను చెప్తే మనిషే పోతడు. గుస్సా వచ్చిందనుకో, పాట వాపస్ వస్తది. నాదేం బోతది? నాలుగు తిట్లే గద."

తాళాలవాడు, కాపలావాడు ఎందుకు నవ్వుకునేవాళ్ళో, నాయనమ్మ నన్ను తాతయ్య వెంట ఎందుకు పంపిందో అప్పుడు అర్థమైంది. ఎవరికీ చెప్పనని దాదా నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను గానీ కోపం చల్లారలేదు. అంత మంచితనాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి తాతయ్య దాదాను తిట్టినప్పుడల్లా పళ్ళు బిగబట్టి నేల చూసేదాన్ని.

నా పదకొండో ఏట ఎండాకాలంలో నవాబుగారి కూతురి పెళ్ళి జరిగింది. మధ్యాహ్నం నమాజు తర్వాత పెళ్ళికొడుకు బరాత్ దేవిడీ ముందుకు వచ్చింది. గుర్రం, పూలు, అత్తరు వాసన, గల్లీ నిండా జనం. దర్వాజా దాటేటప్పుడు వాయించే పాట ఒకటి ఉంది. తాతయ్య దాన్ని ఎత్తుకున్నాడు, రెండు వరుసలు నడిచాయి. మూడో వరుస దగ్గర ఆయన వేళ్ళు తిరగడం మొదలైంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కింద గుర్రం గుమ్మంలో ఆగిపోయింది. పాట పూర్తయితే గాని పెళ్ళికొడుకు లోపలికి అడుగుపెట్టకూడదు. జనమంతా తలలెత్తి పైకి చూశారు. దాదా నా వైపు ఒకసారి చూసి, నగారా మీద దెబ్బ తప్పించాడు. మామూలుగా తప్పినట్టు కాదు, గల్లీ చివరిదాకా వినబడేలా తప్పించాడు. తాతయ్య అంతమంది ముందు ఆయన్ను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. పెళ్ళివారు పకపకా నవ్వారు. ఆ వెంటనే సన్నాయి లేచింది. పాట ఎంత బాగా సాగిందంటే నవ్వినవాళ్ళే వాహ్ వాహ్ అన్నారు.

మరునాడు పొద్దున దేవిడీ వ్యవహారాలు చూసే దారోగా ఇద్దరినీ లోపలి వాకిట్లోకి పిలిపించాడు. తాతయ్య చెయ్యి పట్టుకుని నేనూ వెళ్ళాను. నౌకర్లు, పెళ్ళికి వచ్చిన వంటవాళ్ళు, మాలీలు ఇరవై మందిదాకా ఉన్నారు. దారోగా తన కుర్చీలోంచి లేవకుండానే దాదాతో అన్నాడు, నీ చేతుల పని అయిపోయింది, పెళ్ళివారి ముందు దేవిడీ పరువు తీశావు, ఇవాళ్టి నుంచి మెట్లెక్కకు అని. దాదా తల వంచుకున్నాడు. దారోగా తాతయ్య వైపు తిరిగి, ఈయన ఎన్నాళ్ళుగా తప్పుతున్నాడు, నిజం చెప్పు అన్నాడు.

తాతయ్య నిజమే చెప్పాడు. తనకు తెలిసిన నిజం.

"రెండేండ్ల సంది తప్పుతున్నడు హుజూర్. నేను దినాం చెప్తనే ఉన్న. మనిషి మంచోడు, ఉంచుండ్రి. నేను సంభాళించుకుంట."

సంభాళించుకుంటాడట! ఆ మాట చెవిన పడగానే నా లోపల ఏదో తెగింది. దాదా ముఖం చూశాను. ఆయన ఇంకా తల వంచుకునే ఉన్నాడు. తన మీద సాక్ష్యం చెబుతున్న మనిషిని కాపాడుతూ ఉన్నాడు. నేను తాతయ్య చెయ్యి విదిలించుకుని వాకిలి మధ్యలోకి వచ్చి గొంతు చించుకుని అరిచాను.

"అబద్ధం! దాదా తప్పలే. తాతకే పాటలు యాదికి ఉంటలెవ్వు! తాత మరిచినప్పుడల్లా దాదా కావాలని తప్పు కొడ్తడు. అందరికీ ఎరుకే!"

తాతయ్య నా వైపు చూడలేదు. దాదా వైపు చూశాడు. కాదను అని అడుగుతున్నట్టు చూశాడు. దాదా కాదనలేకపోయాడు. తాళాలవాడు ముఖం తిప్పుకున్నాడు, కాపలావాడు చెప్పులు చూసుకున్నాడు. ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసి తాతయ్య నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

దారోగాకు అంతకన్నా సులువైన పని ఇంకోటి లేకపోయింది. ఒకడికి మతి లేదు, ఇంకోడు కావాలని వాయిద్యం చెడగొట్టాడు, ఇద్దరూ వెళ్ళొచ్చు అన్నాడు. పెళ్ళికి పిలిపించిన బ్యాండు ఎటూ ఉందన్నాడు. ముప్ఫై ఏళ్ళను ఆ మనిషి రెండు మాటల్లో వాకిట్లోంచి ఊడ్చేశాడు. నా నిజం వల్ల ఒకరి పని నిలుస్తుందనుకున్నాను. ఇద్దరిదీ పోయింది. నగారాలు దేవిడీవి కనుక దాదా వాటిని అక్కడే వదిలేసి, రెండు పుల్లలు మాత్రం చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

తన గల్లీ మలుపులో దాదా ఆగి నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళు అంత ఎర్రగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఒట్టు వేశావు కదా అన్నాడు, అంతే. తాతయ్యకు సలాం కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక దెబ్బలు తప్పవనుకున్నాను. తాతయ్య అరుగు మీద కూర్చుని నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. ఎవరెవరికి తెలుసు అని అడిగాడు. చెప్పాను. దాదాకు, తాళాలవాడికి, కాపలావాడికి. చివరికి నాయనమ్మకు కూడా అని చెప్పాను. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. గాని వాకిట్ల ఇరువై మందికి చెప్పినవ్. రెండేండ్లు నా చెయ్యి వట్టుకొని నడిచినవ్ గద, నాకెందుకు చెప్పలే?"

కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మూడు రోజుల తర్వాత ఆయన నన్ను తీసుకుని దాదా ఇంటికి బయలుదేరాడు. క్షమాపణ అడగడానికనుకున్నాను. గుమ్మంలో నిలబడి అరవడం మొదలుపెట్టాడు. "నిన్ను రెండేండ్లు నలుగుర్ల తిట్టిపిచ్చుకున్నవ్ నాతోని! నన్ను పాపాత్ముణ్ని జేసినవ్. నీకు నేనేం జేసిన భాయ్?" అన్నాడు. దాదా కూడా తగ్గలేదు. "చెప్తే సన్నాయి ముట్టుకుంటుంటివా? చెప్పు! ముట్టుకుంటుంటివా?" అని ఎదురు అరిచాడు. గల్లీవాళ్ళు తలుపులు తీసి చూశారు. ఇద్దరు ముసలివాళ్ళు, ఆయాసపడుతూ, వేళ్ళు చూపించుకుంటూ, గొంతులు పోయేదాకా కొట్లాడుకున్నారు. నేను అన్నాళ్ళూ తాతయ్య కోపాన్ని మాత్రమే చూశాను. దాదా రెండేళ్ళుగా మింగిన కోపం ఆ రోజు చూశాను. అది తాతయ్య కోపం కన్నా పెద్దది.

చివరికి అలసిపోయి తాతయ్య గడప మీదే కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పు అన్నాడు. నాకు ఏవేవి పోయాయో నా ముఖం మీద చెప్పు.

దాదా చెప్పాడు. మొదట నసిగాడు గానీ తర్వాత వేళ్ళు మడుస్తూ ఒక్కొక్క పాటా చెప్పాడు. బరాత్ పాటలో మూడో వరుస. వానాకాలం పొద్దుటి పాట మొత్తం. శ్రావణంలో వాయించేవి రెండు. మీ నాయన చివరగా నేర్పినది. ఒక్కొక్కదానికీ తాతయ్య "ఇంక?" అని అడిగాడు. తన వాళ్ళు ఎవరెవరు పోయారో వింటున్న మనిషిలా విన్నాడు. ఎక్కడా కళ్ళు దించలేదు. పోయినవన్నీ అయ్యాక, ఉన్నవెన్ని అని అడిగాడు. తొమ్మిది అన్నాడు దాదా. తాతయ్య లేచి, ఆ తొమ్మిదీ రేపటి నుంచి వాయించుకుందాం అన్నాడు. తప్పితే తప్పిందని చెప్పాలి, దొంగ దెబ్బలు వద్దు అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్ళు దాదా ఇంటి ముందు సాయంత్రం పూట సన్నాయి వినబడేది. నగారా లేదు కనుక దాదా బోర్లించిన డబ్బా మీద పుల్లలు వేసేవాడు. తొమ్మిది ఏడయ్యాయి, ఏడు నాలుగయ్యాయి. ఒక పాట పోయిన రోజు దాదా "ఇది గూడ పోయింది భాయ్" అని నేరుగా చెప్పేసేవాడు. తాతయ్య ఆ పూటకు సన్నాయిని గుడ్డలో చుట్టి పెట్టేసేవాడు. మరునాడు మిగిలినవాటిని మొదలుపెట్టేవాడు. ఆయన పోయేనాటికి రెండు ఉన్నాయి. దాదా నాతో మళ్ళీ మాట్లాడటానికి ఏడాది పట్టింది.

దారోగా మీద నా కోపం ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని నేను పోనివ్వలేదు. కానీ తాతయ్య అరుగు మీద అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఎక్కువగా వెంటాడింది. తర్వాత నేను బడిలో పంతులమ్మనయ్యాను. చదువు రాని పిల్ల గురించి వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడేముందు ఆ పిల్లతోనే మాట్లాడేదాన్ని. ఎవరిలో ఏ లోపం కనబడినా వాళ్ళ వెనక చెప్పలేదు, జాలిపడి దాచనూ లేదు. దానివల్ల నాకు స్నేహితులు తక్కువే అయ్యారు.

పోయిన నెల మా అమ్మాయి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈమధ్య నాకు మనుషుల పేర్లు తప్పిపోతున్నాయి, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి పోతోంది. డాక్టరు ఏవేవో ప్రశ్నలు అడిగి, నన్ను బయట బల్ల మీద కూర్చోమని, మా అమ్మాయిని లోపలికి పిలిచి తలుపు వేశాడు. లోపల ఇద్దరూ గుసగుసలాడుతున్నారు. కాసేపు ఓపిక పట్టాను. తర్వాత లేచి వెళ్ళి తలుపు తీశాను. వాళ్ళిద్దరూ మాట ఆపేసి, చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూశారు.

"పోతున్నది నా మతి డాక్టర్ సాబ్," అన్నాను, "ముందు నాకు చెప్పుండ్రి."

కుర్చీ లాక్కుని వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నాను.