చిన్నరాజు కుడిచెయ్యి

వానలు వెలిశాక నిన్న పెట్టెలోని బట్టలు ఎండకు వేస్తుంటే, అడుగున తోలుముక్క చేతికి తగిలింది. కత్తి పట్టిన కుడిచెయ్యి, జానెడు కూడా లేదు. "ఇదేంటి మామ్మా?" అంది మనవరాలు. దీపం పెట్టి వచ్చి చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.

నా చిన్నతనంలో తోలుబొమ్మలాట కుటుంబం ఒకటి ఏటా వానాకాలం మా పశువులపాకలో తలదాచుకునేది. ఎండ కాసిన రోజు బొమ్మలన్నీ మా వాకిట్లో ఆరేసేవారు. వాటిలో నాకు ఇష్టం చిన్నరాజు. ఓడి పారిపోతున్న పెద్దరాజుకు తన గుర్రం ఇచ్చేసి, శత్రువులకు అడ్డంగా రేవులో ఒక్కడే నిలబడి చచ్చిపోయే రాజు. కథలో ఆయనకు పేరైనా లేదు. బొమ్మలాయన పెళ్ళీడు కొడుకు ఆయన్ని ఆడించేవాడు. "మా రాజుగారికి నాలుగే మాటలండీ చిన్నమ్మగారూ, అందులో ఒకటి ‘అమ్మా’!" అని నవ్వించేవాడు. ఒక ఏడు దారం తెగి ఊడిన ఆ రాజు చేతిని నేను దాచేశాను.

నాలుగు రోజులకు ఊళ్ళో వాంతులజబ్బు పుట్టింది. మొదట పోయింది ఆ కొడుకే. శవాన్ని గోదావరి రేవుకు తేవద్దని పెద్దలు కట్టడి చేసి, పొలిమేరలో గొయ్యి తీయించి, ఏ కర్మా లేకుండా కప్పించారు. "గోదారి తల్లికి చేర్చలేకపోయానమ్మగారూ," అంటూ తండ్రి మా నాయనమ్మ ముందు కూలబడ్డాడు.

పాడైన బొమ్మను వాళ్ళు పారేయరు. మనిషికి చేసినట్టే చేసి గోదావరిలో విడుస్తారు. నాయనమ్మ, "బొమ్మను తేవద్దని ఎవరూ అనలేదు కదయ్యా," అంటూ తన మడిచీర చింపి ఇచ్చింది.

చిన్నరాజును అందులో చుట్టబోతూ తల్లి ఆగింది. "కుడిచెయ్యి ఏదయ్యా? నా బిడ్డను అవిటివాడిగా పంపుతామా?" వాకిలంతా వెతికింది. చెయ్యి నా పరికిణీ మడతలో ఉంది. భయంతో ఆ మడతను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి చెయ్యి లేకుండానే రేవుకు మోసుకెళ్తూ, దింపుడుకళ్ళం దగ్గర దింపి, తండ్రి బొమ్మ చెవిలో కొడుకు పేరు మూడుసార్లు పిలిచాడు. తరువాత బొమ్మను ఎత్తుకుని రేవులో నీళ్ళలోకి దిగాడు.

మరుసటి ఏడూ వాళ్ళు ఆ కథే ఆడారు. చిన్నరాజు రావలసిన చోట తెర ఖాళీగా ఉంది, మద్దెల ఒక్కటే మోగింది.

నాయనమ్మ వంటి మనిషి ఒళ్ళో పెరగనిచ్చినందుకు భగవంతుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ చేతిని రేపు గోదావరిలో విడిచి రావాలనీ రోజూ అనుకుంటాను. అలా అనుకుంటూ ఉండగానే నాకు పిల్లలు పుట్టారు, మనవలూ పుట్టారు.