కళ్లు తెరిచి చేసే ప్రార్థన

మా పాపకు నీళ్లు పోయడానికి ఒక అవ్వ వచ్చేది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టి, మొదటి చెంబు పోసే ముందు "యేసయ్యా, నా చెయ్యి మీద నీ చెయ్యి పెట్టు" అనేది. అలా ప్రార్థించేటప్పుడు కళ్లు మాత్రం మూసేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"కండ్లు మూస్తే బిడ్డ జారదా? గంత సదువుకున్నవు, గిది ఎర్కలేదా?" అని నవ్వింది.

పాపకు ఆరు నెలలు నిండినా నేను ఒక్కరోజు కూడా నీళ్లు పోయలేదు. సబ్బు ఒంటితో నా చేతుల్లోంచి జారిపోతుందని భయం. అవ్వ ఉంది కదా అనుకునేదాన్ని.

అవ్వ కూడా ముప్ఫై ఏళ్లుగా జహీరాబాద్‌లో మా నాలుగు గల్లీలు దాటి పనికి పోలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, మొగుడంపల్లి దగ్గర చర్చివాళ్లు దిక్కులేని ముసలివాళ్లను చూసుకుంటున్నారని, తాను అక్కడికి వెళ్లిపోతున్నానని చెప్పింది.

"ఈ వయసులో కొత్త చోటా? భయం లేదా అవ్వా?"

"ఎందుకుండదు? రెండు దినాల సంది బువ్వ తినబుద్ధయితలేదు. పసిపిల్లలకు తల్లులున్నరు. గా ముసలోళ్లకు నీళ్లెవరు పోస్తరు? యేసయ్య పొమ్మన్నడు, పోత."

"మరి మా పాపకు?"

అవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టింది. పాపను నా కాళ్ల మీద పడుకోబెట్టి చెంబు చేతికిచ్చింది.

"ఇద్దరం భయపడుకుంటనే చేద్దం. పట్టు."

మర్నాడు అవ్వ రాలేదు. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి, చెంబు ఎత్తి, ఆమె ప్రార్థనే చేశాను, కళ్లు మూయకుండా. పాప ఏడ్చింది. జారలేదు.