పండుగప్ప ఆడదైన వేసవి

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవి. భావనపాడు దగ్గర ఒక చిన్న హేచరీలో, అంటే చేపపిల్లలు పుట్టించే కేంద్రంలో, నేను టెక్నీషియన్‌ని. మేం పెంచేది పండుగప్ప. చాలామందికి తెలియదు గానీ, ఈ చేప ముందు మగదిగా పెరిగి, బాగా ఒళ్లు చేశాక ఆడదవుతుంది. ఆ మార్పు తెచ్చేది ఒంట్లోని హార్మోన్.

ఆ ఏడు మా బ్రూడర్లలో, అంటే గుడ్ల కోసం పెట్టుకున్న పెద్ద చేపల్లో, ఒక్కటీ ఆడదవలేదు. కాన్యులేషన్ చేశాను. సన్నటి గొట్టం పెట్టి లోపల గుడ్లున్నాయేమో చూడటమన్నమాట. ఎన్నింటికి చూసినా పాలలాంటి మగ ద్రవమే వచ్చింది.

"వచ్చే సీజన్‌కీ గుడ్లు రాకపోతే తాళం వేసేస్తాను" అన్నాడు యజమాని. నాకు ఒళ్లు మండింది. ఎగువనున్న ఫ్యాక్టరీ వదిలే మురుగు వల్లేనని ఊరంతా దాన్ని తిట్టింది, అందరికన్నా గట్టిగా నేను తిట్టాను.

నీళ్లూ బురదా ల్యాబ్‌కి పంపాను. ఫ్యాక్టరీ కాలవలో ఏమీ తేలలేదు. మా తొట్లకు నీళ్లు తోడే పైపు పక్కనున్న పడవల రేవు బురదలో మాత్రం తగరం కలిసిన రంగు తేలింది. పడవ అడుగున గుల్లలు పట్టకుండా వేసే పాతరకం రంగది. చేప ఆడదవడానికి కావలసిన హార్మోన్‌ని అది తయారు కానివ్వదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేపలు గుడ్లు పెట్టుకోవాలని వేట మానేసే మావాళ్లు, ఖాళీ దొరికిందని సరిగ్గా ఆ రోజుల్లోనే పాత రంగు గీకి నీళ్లలో పోస్తున్నారు.

రేవులో చెల్లేది అప్పన్న మావ మాట. మాకు బ్రూడర్లు పట్టి తెచ్చేదీ ఆయనే. చెబితే కస్సుమన్నాడు.

"ఫ్యాక్టరీవోడిని అడగనేక మా మీద పడతన్నావేటి? తాతల కాడ్నుంచి ఇక్కడే గీకుతన్నాం."

"తాతలు జీడినూనె పూసీవోలు మావా, ఈ రంగు కాదు. ఓపాలి వొచ్చి సూడు."

తొట్టిలో అన్నిటికన్నా పెద్ద చేపను పట్టి, ఆయన ముందే పొట్ట ఒత్తాను. తెల్లటి చుక్క కారింది. మావ మొహం వాడిపోయింది.

"ఇంత పెద్దదయ్యీ మగదేటిరా? దీని పొట్ట నిండా గుడ్లుండాల."

మర్నాడే తన పడవను ఇసక దిబ్బ మీదకు లాగించి, కింద టార్పాలిన్ పరిచి, గీకిన రంగంతా గోనెల్లో కట్టించాడు. "రేవులో గీకినోడి పడవకి నేను బుజం పట్టను" అని అందరికీ చెప్పేశాడు. పదిమంది భుజం పట్టనిదే పడవ కదలదు. ఇంకేముంది, ఒక్కొక్కరే దారికొచ్చారు. మేమూ పైపును సముద్రం వైపు మార్చాం.

తర్వాతి సీజన్‌లో అదే చేపకు గొట్టం పెట్టాను. పసుపుపచ్చటి గుడ్లు వచ్చాయి. ఆనందం పట్టలేక యజమానిని వాటేసుకున్నాను. ఆయన తాళం ఊసు మళ్లీ ఎత్తలేదు.

అప్పట్నుంచి తొట్టిలో ఏ తేడా వచ్చినా, ఎగువకు వేలు చూపే ముందు మా రేవు బురద తీసి చూస్తాను.

గుడ్లు వచ్చిన ఆ రోజు అప్పన్న మావ గొట్టాన్ని ఎండకెత్తి చాలాసేపు చూశాడు. "ఆడదయిపోనాది" అన్నాడు, కూతురు పెద్దమనిషయినంత గర్వంగా.