ఛార్జి గడిలో తొంభై

ఫుల్‌ట్యాంకు అన్నకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళు పెట్రోలు టాక్సీ తోలాడు, ఏనాడూ సగం ట్యాంకు పోయించుకున్న పాపాన పోలేదు. బంకులో ఆయన సంభాషణంతా రెండే మాటలు. "ఎంతకి?" "ఫుల్." మూడో మాట నోటికొచ్చేలోపు వెనక బండివాడు హారన్ కొట్టేవాడు. పెళ్ళి సంగతెత్తితే "చూద్దాంలే" అంటూనే యాభై దాటించాడు మహానుభావుడు. వండిపెట్టే అక్క కూడా కన్నుమూశాక, రెండు గదుల ఇంట్లో ఆయనా టీవీ మిగిలారు. టీవీ మాట్లాడుతుంది, నిజమే. మనం చెప్పింది వినొద్దూ!

టాక్సీల సంఘంలో ముప్పై బండ్లూ ముసలివైపోయాయి. కొత్తవి పెట్రోలువి కొనాలా, కరెంటువి కొనాలా అని ఆర్నెల్లు కొట్టుకున్నారు. చివరికి కార్యదర్శి ఒక దారి చెప్పాడు. ఒక్క కరెంటు కారు కొందాం, మూడు నెలలు ఎవరైనా తోలి ఖర్చు రాయండి, మీసాల మామ పెట్రోలు బండి ఖర్చుతో పోల్చి చూద్దాం అన్నాడు. తోలేదెవరంటే అందరూ పైకప్పు చూశారు.

"నేను తోలతా. వద్దనడానికి ఇంట్లో ఎవరున్నారు నాకు?" అన్నాడు ఫుల్‌ట్యాంకు అన్న.

ఆయన ఇంటి గోడకి ప్లగ్గు బిగించారు. ఖర్చు రాయడానికి చేతిలో ఒక పుస్తకం పెట్టారు. మొదటి వారం ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకున్నాడు. రెండో వారం ఒకరోజు దూరం బేరం తగిలి, దారిలో ఛార్జింగ్ స్టేషన్‌కి వెళ్ళాల్సి వచ్చింది. నలభై నిమిషాలు ఆగాలి. రేకుల షెడ్డు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఒకదాంట్లో టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది, ఇంకోదాంట్లో మందుల కంపెనీ ఆయన ఆవలిస్తున్నాడు.

"చూడండి ఈ ఘనుణ్ణి! ఆవు వల్ల లాభాలేమిటని అడిగితే, 'ఆవు మాది కాదు, పక్కింటివాళ్ళది' అని రాశాడు!" అంది టీచరమ్మ, ఎవరితోనో కాదు, అందరితోనూ.

"నిజాయితీపరుడమ్మా, మార్కులు వేసెయ్యండి," అన్నాడు ఫుల్‌ట్యాంకు అన్న. ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. ఇంటికి వెళ్తూ, నలుగురిలో కూర్చుని నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తుకు రాలేదు.

అంతే, మర్నాటి నుంచి సాయంత్రం అయితే చాలు బండి స్టేషన్‌కే వెళ్ళేది. బ్యాటరీ అడిగిందా, పెట్టిందా! కరెంటు చెంచాడు ఎక్కినా సరే, పెట్టిన ప్రతిసారీ కనీస రుసుము కట్టాల్సిందే. కట్టేవాడు. రసీదు పుస్తకంలో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

మూడు నెలలు నిండాయి. సంఘం గదిలో అందరి ముందూ కార్యదర్శి పుస్తకం తెరిచాడు, మొహం చిట్లించాడు.

"అన్నా, ఛార్జి అని గడి గీసిస్తే డబ్బెంతయిందో రాయాలి కదా! ఇదేంటి, ఎనభై ఆరు, తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది..."

"ఛార్జి ఎంతుందో అదే రాశా. వైరు పెట్టేముందు నూటికి ఎంతుందో బండిలో అంకె చూసి."

గది గొల్లుమంది. రసీదులున్నాయి కాబట్టి సరిపోయింది. కార్యదర్శి కూడి చూశాడు. అదే దూరానికి పెట్రోలుకి వంద అయితే, ఈ బండికి డెబ్బై అయింది. నలభై లోపు తేలుతుందనుకున్నవాడు ఉసూరుమన్నాడు.

అప్పుడు లేచాడు మీసాల మామ. "డబ్బు సంగతి అలా ఉంచండి. తొంభై ఉండగానే స్టేషన్‌కి పరిగెత్తాడంటే ఏంటి అర్థం? తోలేవాడికే ఆ బండి మీద నమ్మకం లేదు! రేపు నడిరోడ్డు మీద ఆగిపోతే పాసింజర్ని మనం మోసుకెళ్ళాలా?"

తలలు ఊగాయి. పెట్రోలే నయమని రెండు గొంతులు లేచాయి. ఫుల్‌ట్యాంకు అన్నకి కక్కలేని, మింగలేని పరిస్థితి వచ్చింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, కానీ తన మూలంగా ముప్పై కొంపలు ఏళ్ళ తరబడి పెట్రోలుకి ధారపోస్తాయి. నోరు విప్పితే ఆ షెడ్డు సంగతి ఊరంతా తెలుస్తుంది. చెమట తుడుచుకుని లేచాడు.

"బండికి ఏ రోగమూ లేదు మామా. ఒక్కరోజూ దారిలో ఆగలేదు. రోగం నాది. ఇంట్లో ప్లగ్గులో పెడితే, పెట్రోలుకి వందయ్యే చోట ఇరవై కూడా కాదు, మొదటి వారం లెక్క చూడండి. కానీ ఇంట్లో పెడితే పలకరించేదెవరు? అక్కడ నలుగురుంటారు. ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. అందుకెళ్ళా."

ఎవరూ నవ్వలేదు. కరెంటు బండ్లకి ఓటేసినవాళ్ళలో మీసాల మామ చెయ్యే ముందు లేచింది.

మామ మంచివాడు, అదే వచ్చిన చిక్కు. మూడో రోజు పనిగట్టుకుని స్టేషన్‌కి వెళ్ళి టీచరమ్మతో చెప్పాడు. "మావాడికి ఇల్లయినా వాకిలయినా మీరేనమ్మా, పాపం. కాస్త పలకరిస్తూ ఉండండి."

ఆ సాయంత్రం ఫుల్‌ట్యాంకు అన్నని చూడగానే టీచరమ్మ పేపర్లు మడిచి సంచిలో పెట్టేసింది. మందుల కంపెనీ ఆయన లేచి కుర్చీ దులిపి వేశాడు.

"రండి అన్నయ్యగారూ. భోజనం వేళకి చేస్తున్నారా? ఒంట్లో బాగుంటోందా?"

"బాగానే ఉందమ్మా. పిల్లలు ఏం రాశారు ఇవాళ?"

"అవన్నీ ఎందుకులెండి, మీ సంగతులు చెప్పండి."

ఆయనకి సంగతులేం ఉన్నాయి కనక! పక్కవాళ్ళ మాటల్లో తనో మాట కలపడానికి వచ్చేవాడు గానీ, తన గోడు చెప్పుకోవడానికి కాదు. ఇద్దరూ జాలిగా చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలకే పనుందని చెప్పి వైరు పీకేసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఇంట్లోనే పెట్టుకున్నాడు.

కొత్త బండ్లు వచ్చాక మొదటి నెల లెక్కలు కార్యదర్శి చదివాడు. ముప్పై మందిలోనూ అందరికంటే తక్కువ ఖర్చు ఫుల్‌ట్యాంకు అన్నదే. పెట్రోలుకి వంద అయ్యే చోట పదిహేడు! చప్పట్లు మోగాయి. మీసాల మామ ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఇప్పుడు దారికొచ్చావురా అబ్బాయ్!"

"వచ్చాను మామా," అన్నాడు.

మీటింగు త్వరగానే ముగిసింది. కబుర్లకి ఎవరూ కూర్చోలేదు. బండి ఛార్జింగ్‌కి పెట్టుకోవాలని ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయారు.