డైవర్షన్ లేని స్థలం

మా ఆయన భిలాయి ప్లాంటులో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, స్మృతి నగర్ దాటాక కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. రిజిస్ట్రీ అయింది కదా అని ధీమాగా ఉన్నాం. ఆ నేల సర్కారు కాగితాల్లో ఇంకా పొలమేననీ, ఇళ్ల స్థలంగా మార్చే డైవర్షన్ జరగలేదనీ అమ్మినవాడు చెప్పలేదు, మేం అడగలేదు.

రెండేళ్ల తర్వాత ఒక ఉదయం వీధి చివరి ఇంటి ప్రహరీని జేసీబీ కూల్చింది. ఆ ఇంటి దీదీ తడిబట్టల బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను పరుగున వచ్చి చెబితే, మా ఆయన లేచి వీధి తలుపు గడియ పెట్టారు.

"ఏటైందండీ?" అన్నాను.

బీరువాలోంచి మడత కాగితం తీసి ఇచ్చారు. అనుమతి లేని కట్టడమంటూ మాకూ నోటీసు వచ్చి మూడు వారాలైంది. జవాబివ్వడానికి నాలుగు రోజులే మిగిలాయి.

"నీకు సెప్తే నిద్రపోవని దాచీసేను."

నాకు కోపం రాలేదు. అక్కడే కూర్చుని నోటీసు మీది తేదీలు లెక్కపెట్టాను.

మర్నాడు ఇద్దరం నోటీసు పంపిన దఫ్తరుకి వెళ్లాం. మా మాటలు విని అక్కడి గుమాస్తా తెలుగులోకి దిగాడు, వాళ్లది శ్రీకాకుళమట. అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధం చేసే చట్టం రాష్ట్రంలో ఉందనీ, దరఖాస్తు పెట్టుకోమనీ చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. అంతలో అతను కాలనీ నక్షాలో రోడ్డు గీత మీద వేలు పెట్టాడు.

"రోడ్డులోకి వచ్చిందాన్ని మాత్రం ఈ చట్టం కాయదమ్మా. మీ ముందుగది రోడ్డులోనే ఉంది."

దరఖాస్తు పెట్టాం. ఆ తర్వాతి నెలల్లో వీధిలోకి ట్రాక్టరు వచ్చినా పొయ్యి ఆర్పేసి బయటికి వచ్చేదాన్ని. పత్రాలన్నీ సంచిలో వేసి, స్నానానికి వెళ్లినా వెంట తీసుకెళ్లేదాన్ని.

చివరికి ఒక అధికారి వచ్చి కొలిచి, ముందుగది తీసేస్తే మిగతా ఇల్లు మంజూరవుతుందన్నాడు. అతను వెళ్లగానే మా ఆయన టేపు పట్టుకుని గోడ మీద సుద్దతో గీత గీశారు.

"వాళ్ల మిషనొస్తే వెనక గోడలూ బీటలు తీస్తాయి. మనమే విప్పీద్దాం," అన్నారు.

మేస్త్రీలు వారం రోజులు ఒక్కో ఇటుకా తీశారు. ఆయన ఒక్కరోజూ అటు చూడలేదు.

మంజూరు కాగితం వచ్చాక ఫ్రేము కట్టిద్దామన్నారు. వద్దన్నాను. ఎవరైనా వచ్చి అడిగితే అద్దంలోంచి తీయడానికి ఆలస్యమవుతుంది.