అవతలివాడేమన్నాడు?

బహ్రెయిన్‌లో నా తరఫున స్వీడన్ మంత్రి ఒకాయన మూడు రోజులు వాదించాడని మా ఊళ్లో ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను. అది తొంభైల్లో మాట. నేనక్కడ డ్రైవర్ని. హూరా అనే పేటలోని హోటల్ నుంచి ఆయన్ని రోజూ ఏదో న్యాయవాదుల సభకు కారులో దింపేవాణ్ణి.

ఆయన మొదట జడ్జి, తర్వాత మంత్రి, ఆపైన ఎన్నికల్లో ఓడిన మనిషి. ఎవరి మీద ఏం చెప్పినా కళ్లద్దాలు తీసి, “మరి అవతలివాడేమన్నాడు?” అనేవాడు. ట్రాఫిక్ పోలీసును తిట్టినా అదే ప్రశ్న. ఎందుకు ఓడిపోయారని అడిగితే, “జనం అవతలివాళ్ల మాట కూడా విన్నారు” అన్నాడు.

నేను బహ్రెయిన్ వెళ్లాక ఊళ్లో పుట్టిన కూతురికి అప్పటికి రెండేళ్లు దాటాయి. దాని మొహం ఇంకా చూడలేదు. ఒకరోజు ఉండబట్టలేక, “పాస్‌పోర్టు కఫీల్ దగ్గరున్నది సాబ్. పదిసార్లు కాళ్లు పట్టుకున్న. సెలవిస్తలేడు, రాక్షసుడు” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

దొర కళ్లద్దాలు తీశాడు. “అవతలివాడేమన్నాడు?”

“ఆయన్నేం అడుగుతరు సాబ్!” అన్నా వినకుండా, కఫీల్ ఆఫీసుకే, అంటే నా యజమాని దగ్గరికే, కారు పోనిమ్మన్నాడు.

కఫీల్ మాకు కహ్వా కాఫీ పోసి, దొర చెప్పిందంతా విని, నా వైపు తిరిగాడు. “క్యా భాయ్, సెలవు కావాలని నన్నెప్పుడడిగావు?”

నిజానికి నేను కాదంటాడన్న భయంతో ఒక్కసారీ అడగలేదు.

ఆయన సొరుగులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. “యల్లా, బయల్దేరు, పిల్లను చూసి రా.”

మూడు రోజుల వాదన అన్నానే, అది మూడు నిమిషాలు కూడా లేదు. ఇన్నాళ్లూ నేను అడగని మాటను దొర వెళ్లి అడిగాడు, అంతే.