సవిల్లా వదిన చదివే హత్యలు

మా సవిల్లా వదిన హత్యల పుస్తకాలు చదువుతుందని, కార్లూ కరెంటూ వద్దనుకుని గుర్రపు బళ్ళతో బతికే మా క్రైస్తవ సంఘంలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆమె మా ఆయన రోమన్‌కి పెద్దక్క. తెల్లారకముందే లేచి దాల్చినచెక్క బన్నులు కాల్చి, టూరిస్టులు దిగే దుకాణానికి పంపుతుంది. అక్కడ జామ్ సీసాల పక్కనే గిరగిరా తిరిగే పుస్తకాల అర ఒకటుంది. ప్రతి అట్ట మీదా మాలాగే తెల్ల టోపీ పెట్టుకున్న పిల్ల, వెనక మొక్కజొన్న చేను, ఒక మూల ఎర్రటి చుక్క.

ఆ బొమ్మకి టోపీ నాడాలు సరిగ్గా కట్టారో లేదో చూద్దామని వదిన మొదటిది తీసిందట. సరిగ్గా కట్టారా అని అడిగాను.

"లేదే. కానీ పది పేజీలయ్యాక ఆ సంగతే మర్చిపోయాను" అంది.

ఆ పుస్తకాల లెక్కన మా జిల్లాలో ఈపాటికి పాలు పితకడానికి మనిషి మిగలకూడదు. గాదెలో ఒక శవం, మంచు గదిలో ఒకటి, ఆపిల్ గుజ్జు ఉడికే కాగులో ఇంకొకటి. నిజానికి మా దారిన పోలీసు కారు చివరిసారి వచ్చింది ఎవరిదో పంది రోడ్డెక్కినందుకు. అయినా వదిన చదివేది. బన్నుల పని అయ్యాక, భర్త మహ్లాన్ అన్నయ్య నడుముకి కాపడం పెట్టాక, మనవల బట్టలు తీగ మీద ఆరేశాక, వాచిన కాళ్ళు పీట మీద పెట్టుకుని, రాళ్ళు కొట్టే పనిలా అలసటగా చదివేది. నవ్వేది కాదు, భయపడేది కాదు. అంతగా అందులో ఏముందని అడిగితే ఒకటే మాట: "చివర్లో చెప్తారే."

ఆ మాట నాకు చాలాకాలం ఎక్కలేదు.

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. వాళ్ళ నాన్న పోయేముందు వదినకిచ్చిన ఎర్ర గుర్రం ఒకటుండేది, పేరు బెస్. ఒక పొగమంచు పొద్దున కొట్టం గేటు తెరిచి ఉంది. గుర్రం రోడ్డు మీదికెళ్ళి కంకర లారీ కింద పడింది. వణికిపోతున్న డ్రైవర్ని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. సాయంత్రానికి బిషప్ వచ్చాడు. గేటు మరిచిపోయినవాళ్ళెవరైనా సరే దేవుడి ముందు క్షమించేశామని అందరూ మోకరించి, లేచి, భోజనానికి కూర్చున్నారు. ఎవరు మరిచారని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మాకు మర్యాద.

అప్పట్లో ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళు నలుగురైదుగురు. మా ఆయన కూడా పెళ్ళికి ముందు, బాప్తిస్మానికి ముందు అక్కడే ఉండి పాలు పితికేవాడు. కానీ ముందు రోజు రాత్రి కొట్టంలోంచి అందరికంటే చివర బయటికొచ్చింది వదినేనని అందరూ చూశారు. అందుకని, క్షమించామన్నట్టు, ఆ పూట మాంసం ముక్క పెద్దది ఆమె పళ్ళెంలో పడింది. ఆమెతో మెత్తగా మాట్లాడారు. గడియ పెట్టినట్టు అప్పటికి ఆమెకి బాగా గుర్తుంది. ఏడాది తిరిగేసరికి అంత బాగా గుర్తులేదు. ఆ తర్వాత అసలు గుర్తులేదు.

ఇక ఈ ఏటి సంగతి. అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకి రెండు వారాల ముందు మాకు సిద్ధపాటు సభ ఉంటుంది. బిషప్ కింద సంఘం పనులు చూసే డీకన్ వరసల వెంట నడుస్తూ, అందరితోనూ శాంతిగా ఉన్నావా, బల్లకి వస్తావా అని ఒక్కొక్కరినే అడుగుతాడు. ఒక్కరి మనసు కుదరకపోయినా సంఘమంతటికీ బల్ల ఆగిపోవచ్చు. అందుకే అందరం ఔనంటాం. వదిన కూడా ఇన్నేళ్ళూ ఔననే అంది.

మా డీకన్ అట్లీకి మోకాలి నొప్పి, ఒక కాలు ఈడ్చి నడుస్తాడు. ఆయన మా బెంచీ వైపు ఈడ్చుకుంటూ వస్తుంటే పక్కన వదిన భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటోంది. తొడ మీద గిల్లాను, ఆగలేదు. అట్లీ వచ్చి అడిగేసరికి కళ్ళ నిండా నీళ్ళు. నవ్వు వల్ల ఎప్పుడూ వచ్చే "ఔను" దారి తప్పినట్టుంది.

"లేదు అట్లీ" అంది. "నాకు శాంతి లేదు."

ముందు బెంచీల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. నేను నా ఏప్రాన్ వైపు చూసుకున్నాను.

ఆ మంగళవారం అట్లీ ఇంటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, ఇద్దరం ఆపిల్ తొక్కలు తీస్తున్నాం. వాళ్ళిద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళు, మొహమాటం లేదు.

"నవ్వెందుకొచ్చింది సవిల్లా?"

"నేను చదువుతున్న పుస్తకంలో హంతకుడు డీకనే. కుంటుతాడు కూడా."

అట్లీ కాసేపు ఆలోచించాడు. "ఎంతమందిని చంపాడు?"

"ముగ్గుర్ని."

"ఇలాంటి మోకాలితోనా?"

"అదే మరి."

నవ్వుదామా వద్దా అని చూసి, ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. మరి లేదన్నావెందుకని అడిగాడు. వదిన చేతిలో కత్తి ఆగలేదు. తొక్క తెగకుండా వస్తోంది.

"ఆ పుస్తకాల్లో చివరికి చేసినవాడెవడో చెప్తారు. నాకు వాడితో పనిలేదు. మిగతావాళ్ళు చేయలేదని కూడా అప్పుడే తేలుతుంది. వాళ్ళు ఇళ్ళకెళ్ళి పడుకుంటారు. నన్ను మీరంతా క్షమించారు అట్లీ. గేటు తీసింది నువ్వేనా అని మాత్రం ఒక్కరూ అడగలేదు."

అట్లీ నేల వైపు చూశాడు. మాలో తప్పు ఒప్పుకుని క్షమాపణ పొందాక, ఆ తప్పు మళ్ళీ నాలిక మీదికి రాకూడదు. ఎవరైనా డీకన్‌కి ఒంటరిగా చెప్పుకున్నది అక్కడే సమాధి అయిపోవాలి.

"నువ్వు కాదు" అన్నాడు.

అప్పుడు ఆగింది కత్తి.

"ఎవరో నేను చెప్పకూడదు. ఒప్పుకున్నారు, అయిపోయింది. నువ్వు మాత్రం కాదు."

"ఎప్పట్నించి తెలుసు?"

"ఆ చలికాలం నుంచే."

"ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకుని కూర్చున్నావు."

"నువ్వు అలా అనుకుంటున్నావని నాకేం తెలుసు? నువ్వూ అడగలేదు కదా."

వదిన తొక్క తీసి బుట్టలో పడేసింది. ఇంకో ఆపిల్ తీసుకుంది. తర్వాత, బల్ల సంగతి శనివారం చెప్తానంది. "గుర్రం చావుని ఒక్క పూటలో క్షమించేశాం. నీ సంగతి కొంచెం నిదానంగా చూస్తాను."

అట్లీ తల ఊపాడు. పోతూ పోతూ బన్ను తీసుకోవాలా వద్దా అని పళ్ళెం దగ్గర తటపటాయించాడు. ఆమె తీసుకోమనలేదు.

శనివారం మధ్యాహ్నం నా చేత అట్లీకి ఒక పళ్ళెం నిండా బన్నులు పంపి, బల్లకి వస్తున్నానని చెప్పమంది.

తర్వాతి వారం బల్ల నాటి ఆదివారం, ఒకరి పాదాలు ఒకరు కడిగే ఆచారంలో మేమిద్దరం జత. వదిన పాదాలు నా చేతుల్లో బరువుగా ఉన్నాయి, చీలమండలు వాచి ఉన్నాయి. ఎప్పుడూ గబుక్కున లాక్కునేది. ఈసారి నీళ్ళలోనే ఉంచేసింది. వెనకాల వరసలో ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారని గొణిగితే, చూడనీ అంది.

సాయంత్రం ఇంటికొచ్చాక రోమన్ గుర్రాన్ని విప్పి, లోపల కట్టి, గేటు గడియ పెట్టి మెట్ల దాకా వచ్చాడు. వచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి గడియ మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. పెళ్ళైన నాటి నుంచీ రోజూ ఇదే వరస. గడియని కూడా నమ్మని మనిషివని ఎన్నిసార్లు ఆటపట్టించానో. ఆ పూట కూడా ఆ మాట నోటిదాకా వచ్చింది.

మింగేశాను. లోపలికెళ్ళి భోజనం వడ్డించాను. మాంసం ముక్క కాస్త పెద్దది ఆయన పళ్ళెంలో వేశాను. ఆయన ముక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఎందుకని అడగలేదు.